టీచరమ్మ దాచుకోమన్న మాట

తెలుగువాళ్లు వలసొచ్చి స్థిరపడిన ఈ ఝపటాపూర్‌లో మా పక్కవాటా టీచరమ్మ మొన్న మధ్యాహ్నం పోయింది. ఊపిరితిత్తుల జబ్బు అంటున్నారు. అది సగం నిజం. ఇల్లు ఖాళీ చేయలేదని, అద్దెకిచ్చిన ఇంటాయన ఫ్యూజు పీకేశాడు. ఆమె ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. నేను పని నుంచి వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. ఫ్యూజు పీకడం చూశానని ఎదురు కిరాణా కొట్టు బాబాయే నాతో అన్నాడు.

ఎవరూ లేని మనిషి. బడి నుంచి రిటైరయ్యాక మలేషియా, తైవాన్‌లలో చైనీస్ మాట్లాడే పిల్లలకు ఫోన్లో ఇంగ్లీషు చెప్పేది. చదువు మానేసిన నేను గ్రీజు చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చునేవాణ్ణి. "లోనికి రారా. గుమ్మంలో కూకుంటే ఇంగ్లీసు సగమే వస్తాది" అనేది.

ఒకసారి 'డెస్పికబుల్' అనే మాట వచ్చింది. పిల్లలు 'చెడ్డ' అని రాశారు. ఆమె ఒప్పుకోలేదు. కుళ్లిన మామిడిపండూ చెడ్డదే కదా అంది. రైల్లో సీటు కోసం తోసినవాడు మోటువాడు. జ్వరంతో గొంతు పెగలని ముసలాయన దుప్పటి లాక్కుని, తాను కప్పుకుని పడుకున్నాడే, వాడు డెస్పికబుల్.

"మా కాంట్రాక్టర్ని అలాగ అనొచ్చా టీచరమ్మా?"

"ఏటి సేసినాడు?"

"గాడిదన్నాడు."

"నువ్వూ గాడిదని అను, సరిపోద్ది! ఈ మాట దాసుకో. అవతలోడు తిరగబడలేడని తెలిసీ సేసినాడే, ఆడికే ఇది. కోపమొచ్చినప్పుడల్లా వాడీసినావంటే పదును పోద్ది."

శవం లేచే వేళకు ఇంటాయన దండ తెచ్చి "మా అమ్మలాంటిది" అని ఏడ్చాడు. నేను మీదికి పోబోతే బాబాయి పట్టుకున్నాడు.

"నువ్వు సూసినావు గదా బాబాయ్! సెప్పు!"

"నానేటీ సూడలేదు. కొట్టు ఆడిదేరా. పిల్లలున్నోణ్ణి."

పోలీసు థానాకు వెళ్తే, కరెంటు పోవడం మామూలే కదా దాదా, అన్నారు. చుట్టూ ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. ఒక్క నోరూ పెగల్లేదు. నా ఒక్కడి అరుపు పిచ్చివాడి అరుపైంది.

ఆ సాయంత్రం, నా దగ్గరే ఉండిపోయిన ఆమె ఫోన్ మోగింది. క్లాసు వేళ. తీశాను. తెర మీద పిల్లలు, టీచర్ ఏరీ అన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఎలా పోయిందన్నారు. ఫ్యూజు సంగతీ చెప్పాను. ఇంటాయన్ని ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఒక అమ్మాయి నెమ్మదిగా ఆ మాట అంది. ఈ ఊరు మింగేసిన మాట.

అని, వెనక్కి తిరిగి తన భాషలో ఎవరికో ఏదో చెప్పింది. కూర తరుగుతున్న ముసలామె కత్తి పక్కన పెట్టి వచ్చింది. తడిచేతులు అలాగే ఉంచుకుని, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, నన్నే చూస్తూ ఉండిపోయింది.