నూలుకు కాచిన నీళ్లు

మా అత్తగారింటి బావితో నాకు కాపురానికి వచ్చిన మొదటి రోజే గొడవ మొదలైంది. తలకు పోసుకుంటే షాంపూ నురగే రాలేదు. జుట్టు ఆరేసరికి పీచులా తయారైంది. కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దెక్కేదాకా గింజ గింజగానే ఉంది. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులు ఆరగానే సుద్ద పూసినట్టు తెల్లబడ్డాయి. నేను కోయిలకుంట్ల పిల్లను, కాలువ నీళ్లు తాగి పెరిగాను. "ఇవి నీళ్లా, సున్నపు తేటా?" అని మా ఆయన దగ్గర విసుక్కున్నాను.

ఆ మాట వంటింట్లో ఉన్న మా అత్త చెవిన పడింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ బాయి నీళ్లు రొంత మొండివి మే. మనమే సర్దుకోని పోవల్ల," అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "నీ పెండ్లాం నోరు గూడా ఆ నీళ్ల మాదిరే ఉండాది," అని చేర్చింది. ఈ ఇంట్లో నా బతుకు బాగానే ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

మాది కడప నుంచి బస్సులో వెళ్లాల్సిన నేత ఊరు. మామ గుంట మగ్గం మీద నూలు చీరలు నేస్తాడు. అత్త నూలుకు రంగులు వేస్తుంది. మా ఆయన కడపలో ఒక బండల కొట్టులో పనికి పోయి వస్తాడు. వీధిలో ఇంటింటికీ మగ్గం ఉన్నా, ఎరుపు దగ్గర మాత్రం మా అత్తదే పైచేయి. ఆమె ఎరుపు వేసిన నూలు కట్ట, చిలప అంటాం దాన్ని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా ఉంటుంది. ఎక్కడా మచ్చ తేలదు. పక్క వీధుల వాళ్లు కూడా వచ్చి, ఎట్లా వేస్తావో చెప్పమని అడిగేవాళ్లు. ఆమె దాచుకోకుండా చెప్పేది. అయినా వాళ్లకు రాకపోతే ఆ సంతోషం మాత్రం దాచుకునేది కాదు.

అందులో పెద్ద మర్మమేమీ లేదు, అంతా నీళ్లే. మా బావి నీళ్లు అలాగే వాడితే రంగు అక్కడక్కడా పట్టి అక్కడక్కడా వదిలేస్తుంది. అందుకని అత్త సాయంత్రం పూట పెరట్లో రాగి గంగాళం నిండా నీళ్లు తెర్లకాచేది. మూతపెట్టి కదిలించకుండా రాత్రంతా వదిలేసేది. పొద్దునకు సుద్దంతా అడుగున పేరుకునేది. అప్పుడు చెంబుతో పైపైన తేట తీసి, ఆ నీళ్లతోనే రంగు కలిపేది, ఆ నీళ్లలోనే నూలు జాడించేది.

మరి మనుషులకు? మనుషులకు బావిలోంచి తోడినవి తోడినట్టే. కడవ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే కాసేపటికి మట్టి అడుగుకు దిగేది. పైన తేటగా కనబడితే చాలు, తాగేయడమే. నూలుకు కాచిన నీళ్లు, మనుషులకు పచ్చి నీళ్లు. ఆ ఇంట్లో ఎవరికీ ఇది తప్పుగా తోచలేదు. నూలు చెడితే చీరలు కొనే సావుకారు చీర తిరగ్గొడతాడు. మనిషి కడుపు చెడితే వాము నమిలి ముడుచుకుని పడుకుంటాడు. నేను మాత్రం పప్పు ఉడకడానికి గంగాళంలోంచి ఒక చెంబు కావాలని రోజూ పేచీ పెట్టేదాన్ని. "నూలుకు పోటీ వచ్చినావు గదమ్మే," అని గొణుగుతూనే అత్త చెంబు నింపి ఇచ్చేది.

కాపురానికి వచ్చాక నాకు మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మరుసటి ఏడు మళ్లీ కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు అత్త కుండలోని నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఐదు నెలలు నిండాక మామతో చెప్పింది, సీమంతానికి కోడలికి మన మగ్గం మీద చీర నేయాలని. ఇది చిన్న మాట కాదు. మా ఇంట్లో నేసిన చీర మా ఇంట్లో ఎవరూ కట్టరు, మడత పెట్టగానే సావుకారు ఇంటికి పోతుంది. అత్త తన పెళ్లికి కూడా అంగట్లో కొన్న చీరే కట్టిందట. "దీనికి మాత్రం ఎర్ర చీర. నా చేతి ఎరుపు," అంది. మామ తలూపి మగ్గం ఖాళీ చేయడానికి పోయాడు.

అంతలో వానలు పట్టుకున్నాయి. వానొస్తే సంబరపడే సీమ మాది, కానీ ఆ వానకు సంబరం కూడా కొట్టుకుపోయింది. వంక పొంగి రోడ్డు మీదికొచ్చింది. వీధి కాలువలు పొంగి పెరట్లోకి వచ్చాయి. ఎప్పుడూ పాతాళంలో ఉండే బావి నీళ్లు చేయి చాపితే అందేంత పైకి లేచాయి, అదీ ఎర్రమట్టి రంగులో. అత్త చిల్లగింజ ఇంకాస్త గట్టిగా అరగదీసింది. నీళ్లు తేరుకున్నాయి. గ్లాసులో పోస్తే అద్దంలా ఉన్నాయి. తేటగా ఉన్నాయి కదా అని తాగాం.

అందరికీ కడుపులు చెడ్డాయి. నాకు మాత్రం తగ్గలేదు. వాంతులూ విరేచనాలూ ఒకటే పట్టున వచ్చి, లేచి నిలబడలేని స్థితికి వచ్చాను. వంక కొంచెం తగ్గగానే మా ఆయన నన్ను ఆటోలో కడప ఆసుపత్రికి తీసుకుపోయాడు. రాత్రంతా సెలైన్ ఎక్కించారు. పంపేటప్పుడు డాక్టరమ్మ నా చేయి పట్టుకుని చెప్పింది: "ఒంట్లో నీళ్లు తగ్గితే లోపల బిడ్డకు కష్టం. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఇంకేవీ ముట్టొద్దు. కానీ బాగా తాగాలి. బిడ్డ కదలిక చూసుకుంటూ ఉండు. ఈ రోజంతా కదలకపోతే వెంటనే వచ్చేయండి." అప్పటికే పొద్దున నుంచి నాకు కదలిక తెలియలేదు. డాక్టరమ్మ ముందు చెప్పడానికి భయమేసి, ఆ మాట దారిలో మా ఆయనకు చెప్పాను.

ఇల్లు చేరేసరికి పెరట్లో ఘాటు వాసన. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేట బావిలో పోయించి పోయిందట. రేపటి దాకా ఆ నీళ్లు తాగొద్దని, తర్వాత కూడా కాచే తాగమని చెప్పిందట. మంచిదే. కానీ నేను అప్పుడు తాగాలి. కడపలో కొన్న నీళ్ల సీసా దారిలోనే అయిపోయింది. కరెంటు లేక ఫిల్టరు నీళ్ల ఆటో రావడం లేదు. గ్యాసు ముందు రోజే అయిపోయింది, సిలిండర్ల లారీ ఇంకా వంక దాటలేదు. కట్టెలు తడిసి ముద్దయ్యాయి. ఇంట్లో ఉన్న ఎండు కట్టెలన్నీ కిందటి సాయంత్రం గంగాళం కిందే కాలిపోయాయి.

గంగాళంలో, నూలు జాడించడానికి ఉంచిన నీళ్లున్నాయి. పక్కనే తొట్టిలో, నా చీర నూలు ఎర్రరంగులో మునిగి ఉంది. నర్సమ్మ రాకముందే, పొద్దున్నే అత్త నానబెట్టింది. నూలును రంగులో ఇంకా ఉంచినా, తీసి వెంటనే మంచినీళ్లలో జాడించకపోయినా చెడిపోతుంది. మామ చేతులు తుడుచుకుంటూ ఆమె పక్కన నిలబడి ఉన్నాడు.

మా ఆయన డాక్టరమ్మ చెప్పిందంతా వాళ్లమ్మకు చెప్పాడు. అత్త నా మొహం చూసింది. "కదల్లేదా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె గంగాళానికి మూత పెట్టింది.

"అబ్బీ, పట్టు. లోపల పెట్టండి దీన్ని," అని కొడుకుతో అంది.

"మరి నూలు ఎట్ల?" అన్నాడు మామ.

"బాయి నీళ్లలో జాడిచ్చా."

"మందు నీళ్లు గదా అవి. రంగు తేలిపోతాది."

"పోనీ."

తండ్రీకొడుకులు గంగాళం వంటింట్లోకి మోశారు. అత్త బావిలోంచి ఆ ఘాటు నీళ్లు తోడి ఇంకో తొట్లో పోసి నూలు ముంచింది. నేను గడపలో కూర్చుని చూశాను. ఎరుపు పొరలు పొరలుగా విడిపోయి నీళ్లలోకి దిగింది. అన్నేళ్లలో ఆమె చేతిలో అలా జరగడం ఎవరూ చూసి ఉండరు. ఆమె నూలు పిండి దండెం మీద వేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది.

తర్వాత నా పక్కన కూర్చుని, గ్లాసులో ఉప్పూ చక్కెరా కలిపి నోటికి అందించడం మొదలుపెట్టింది.

"రొంత తాగు."

"వాంతి వచ్చాది అత్తా."

"వచ్చే రానీ. మల్ల తాగుదువు."

వచ్చింది. మళ్లీ తాగాను. ఆమె చెప్పినట్టల్లా గుక్కెడు గుక్కెడు తాగుతూ పోయాను. గంగాళంలో ఇంకెవరూ చెంబు ముంచకుండా మామ వంటింటి గుమ్మంలోనే కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా పొట్టలో ఎడమ పక్కన చిన్నగా, చేప తోక ఆడించినట్టు తెలిసింది. భ్రమేమోనని ఊపిరి బిగపట్టాను. ఈసారి గట్టిగానే తన్నింది.

"అత్తా, కదిలింది," అన్నాను.

ఆమె నా పొట్ట మీద చేయి పెట్టి, మళ్లీ తన్నేదాకా తీయలేదు. గ్లాసు నా చేతికిచ్చి, "తాగుతా ఉండు," అని పెరట్లోకి పోయింది. బావి గట్టు మీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. అంతకు ముందు ఏడాది పోయినదాని కోసం కూడా అప్పుడే ఏడ్చిందని నాకు తెలుసు.

ఎండలు రాగానే మామ మనుషుల్ని పెట్టి బావి పూడిక తీయించాడు, వీధి నీళ్లు దిగకుండా గట్టు ఎత్తు పెంచాడు. నర్సమ్మ చెప్పినప్పుడల్లా బ్లీచింగ్ వేయిస్తాం. ఆ రోజుల్లో నూలు పని ఉంటే, ముందే తోడిన నీళ్లతోనే చేసుకుంటాం. గంగాళంలో తేరిన నీళ్లు ముందు మనుషులకు, మిగిలితే నూలుకు. ఇప్పుడు పప్పు కూడా తొందరగా ఉడుకుతుంది.

సీమంతం నాటికి చీర తయారైంది. మామ ఎంత నేర్పుగా నేసినా నూలులోని మచ్చ ఎక్కడికి పోతుంది? కుచ్చిళ్ల దగ్గర ముదురు ఎరుపు, పమిట దగ్గర కడిగేసినట్టు గులాబీ రంగు, మధ్యలో ఎటూకాని చారలు. నాకు గాజులు తొడగడానికి వచ్చిన ఎదురింటావిడ కొంగు వేళ్ల మధ్య పట్టి చూసి, "ఏమక్కా, నీ చేతి ఎరుపు ఇట్ల తేలిపాయెనే?" అంది.

పళ్లెంలో పసుపూ కుంకుమా సర్దుతున్న అత్త తలెత్తింది. సంజాయిషీ చెప్పుకుంటుందేమోనని నాకే సిగ్గేసింది.

"దీన్ని జాడిచ్చే నీళ్లు నా కోడలు తాగింది మే," అంది. తన ఎరుపును ఎవరైనా మెచ్చుకున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉండేదో అలాగే ఉంది. సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది, చీర సంగతి అడగనివాళ్లను కూడా పిలిచి, కొంగు పట్టి చూపించి మరీ చెప్పింది.