ఈగలమ్మ మొక్కలు

మా అక్క చేతిలో దెబ్బ తినని మగాడు మా నర్సరీలో లేడు. మొదట తిన్నది నేనే. నేను ఆమె తమ్ముణ్ని, అక్కడ మట్టి మోసే పని నాది. చిన్నప్పుడు కొట్టిన దెబ్బకి ఇప్పటికీ నా ఎడమ చెవి సరిగా వినపడదు. అందరూ ఆమెను ఈగలమ్మ అంటారు. పురుగుల్ని పట్టి తినే మొక్కల్ని పెంచుతుంది మరి.

అవి ఊరవతల బురద నేలలో పుట్టే మొక్కలు. చిన్న ఎర్రటి ఆకులు, ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన ఒక జిగురు చుక్క. దోమ వాలిందా, ఇక లేవదు. ఆకు మెల్లగా దాని మీదికి ముడుచుకుంటుంది. అక్క బురదలోంచి మొక్కను ఎప్పుడూ పీకదు. గింజలు ఏరుకొచ్చి, వాన నీళ్లు పోసి, మూడేళ్లు సాకుతుంది. పెంచేవాళ్ల మధ్య బేరం కూడా అంతే. గింజకు గింజ, కుండీకి కుండీ.

ఈసారి పూల ప్రదర్శనకు ముందు యజమాని తేల్చి చెప్పాడు.

"బహుమతి వస్తే సరే. రాకపోతే నీ మొక్కలున్న అద్దాల గదిలో గులాబీలు పెడతానమ్మా. ఈగలు తినే గడ్డి ఎవడు కొంటాడు?"

ప్రదర్శన రోజు పొద్దున మేం బండిలోకి ట్రేలు ఎక్కిస్తుంటే టోపీ వచ్చాడు. అవతలి నర్సరీవాడు. ఎండున్నా లేకున్నా నెత్తి మీద టోపీ దించడు.

"ఈగలమ్మా, ఆ పొడుగాకుది ఒకటి ఇటు పడెయ్. నాలుగు కుండీలిస్తా."

"నీవన్నీ బురదలో తవ్వుకొచ్చినవి. నా దగ్గర చెల్లవు."

"నేను తవ్వుతుంటే చూశావా?"

"నీ గోళ్లు చూశాలే."

వాడు నవ్వి ట్రేలో చెయ్యి పెట్టాడు. అక్క పార కామతో వాడి మణికట్టు మీద కొట్టింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. వాడు రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని బండి అంచుకేసి బాదాడు. పెదవి చీలింది. నేను వెనక నుంచి వాటేసుకుంటే వాడి మోచెయ్యి నా ముక్కు పగలగొట్టింది. అక్క లేచి వాడి మోకాలి మీద తన్నింది. వాడు బూతులు తిడుతూ, కుంటుకుంటూ పోయాడు.

ట్రేల నిండా మా ఇద్దరి నెత్తురు. ఇలా తీసుకెళ్తే జడ్జీలు ఏమంటారోనని, అక్క పెదవికి గుడ్డ అదుముకుని వచ్చేలోపు నేను పైపు పెట్టి మొక్కలన్నీ కడిగేశాను.

అక్క వచ్చి చూసింది. ఒక్క ఆకు మీదా చుక్క లేదు. జిగురంతా కొట్టుకుపోయింది. మళ్లీ ఊరాలంటే వారం పడుతుంది.

"నీ చేతులు పడిపోను! కడిగావురా?"

"నెత్తురక్కా..."

"ఎర్ర మొక్క మీద నెత్తురు ఎవడికి కనపడుద్దిరా!"

చెంప పగిలింది. ఆ వెంటనే ఇంకోటి. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ప్రదర్శనలో మా బల్ల ముందు ఎవరూ ఆగలేదు. ఎదురు బల్ల మీద టోపీ మొక్కలు దీపాల కింద తళతళలాడుతున్నాయి. వాడి చేతికి కట్టు. పక్కన అట్టముక్క మీద 'గింజ నుంచి పెంచినవి' అని రాసి పెట్టాడు. జడ్జి అది చదువుతుండగానే అక్క వెళ్లి ఒక కుండీ తిరగేసింది. నల్ల బురద, దాంట్లో తుంగ వేళ్లు, వాటి మీద పార తెగ్గోసిన గాట్లు.

"ఏం సార్, గింజ వేస్తే తుంగ కూడా మొలుస్తుందా?"

టోపీ పిడికిలి ఆమె దవడ మీద పడింది. ఒక పన్ను ఊడి నేల మీద పడింది. ఆమె వాడి కట్టు కట్టిన చేతినే పట్టుకుని కొరికింది. విడిపించడానికి ముగ్గురు లాగాల్సి వచ్చింది. ఇద్దర్నీ బయటికి గెంటారు. టోపీకి ఇక ఎప్పటికీ బల్ల ఇచ్చేది లేదన్నారు. మాకు బహుమతీ లేదు.

మర్నాడే యజమాని గులాబీలు దించాడు. అక్క ట్రేలన్నీ నాచేత మోయించి మా ఇంటికి తెచ్చింది. స్నానాల గదిలో కిటికీ కింద వరసగా సర్దింది. మా ఇంట్లో తేమ, వెలుతురు రెండూ ఉన్నది అక్కడే.

మా ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడింది.

"మరి మేం స్నానం ఎక్కడ చేయాలి వదినా?"

"పెరట్లో."

మా ఆవిడ అక్క ఉబ్బిన దవడ వంక చూసింది. తర్వాత సబ్బుపెట్టె, చెంబు తీసుకుని పెరట్లోకి నడిచింది.