కొండల పుస్తకాలూ, కొబ్బరిచెట్లెక్కే మా నాన్నా

మాది కోనసీమ. కాలవగట్టు కంటే ఎత్తయిన నేల చుట్టుపక్కల ఎక్కడా లేదు. మంచు అంటే మాకు ఐసుబండివాడు గీకి ఇచ్చేదే. అలాంటి ఊళ్లో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పుకునే నేను, పర్వతాలెక్కినవాళ్ల పుస్తకాలు రెండు అరల నిండా పోగేశాను. రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్టతను నన్ను చూడగానే, "మీ మంచుకొండలు వచ్చాయండి మేస్టారూ" అంటాడు.

నిజం చెప్పాలంటే, అవి కొండల కోసం చదివినవి కావు. మా నాన్న కోసం చదివాను. ఆయన కొబ్బరి దింపు తీసే మనిషి. కాళ్లకి తాడు బందం తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని చెట్టెక్కి గెలలు కోసేవాడు. అరవై ఆరేళ్లు వచ్చినా మానలేదు. "నా జీతం ఉంది కదా నాన్నా, మానెయ్యి" అంటే, "నేనేమన్నా ముసలోణ్ణైపోయానేంట్రా" అనేవాడు. ఆయన తోటకి వెళ్లిన రోజు నేను బడిలో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఫోను మోగితే పాఠం సగంలో ఆపి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి.

చదవదగ్గవేవి అని ఎవరైనా అడిగితే నా తూకం వేరు. జెండా పట్టుకుని నవ్వుతున్న ఫొటో అట్టమీదుంటే కొనను. ఎక్కడానికి ఇరవై అధ్యాయాలు రాసి, దిగడం ఒక్క పేజీలో తేల్చేస్తారు. ఏం, వీళ్లని ఎవరైనా ఎత్తుకుని దించారా? ఇంట్లో ఎదురుచూసేవాళ్లకైతే ఒక్క వాక్యం దక్కితే గొప్ప. భార్య ఓపిక గల మనిషని రాసి చేతులు దులుపుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. శిఖరం కనబడుతుండగా మబ్బు చూసి వెనక్కి తిరిగిన ఒకావిడ పుస్తకం మాత్రం మూడుసార్లు చదివాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి తనమీద తనకే ఎంత చిరాకు పుట్టిందో ఆవిడ దాచకుండా రాసుకుంది.

నాన్నని భయపెడదామని సాయంత్రాలు అరుగుమీద కూర్చుని ఆ కథలన్నీ తెలుగులో చెప్పేవాణ్ణి. తెగిన తాళ్లు, గడ్డకట్టి రాలిన వేళ్లు, ఇంకొక్కసారి అని వెళ్లి తిరిగిరాని ముసలివాళ్లు. ఆయన బీడీ ఆర్పేసి శ్రద్ధగా వినేవాడు.

ఒకరోజు, "ఆ తాళ్లు ముందెళ్లి కట్టిందెవర్రా?" అన్నాడు.

"అక్కడి కూలీలు."

"ఆళ్ల పేర్లు రాసేడా?"

పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పాను. ఎక్కడా లేవు.

"అయితే అది అవతల పెట్టి ఇంకోటి చదువు" అన్నాడు. భయం మాట దేవుడెరుగు, మర్నాడు తెల్లారేసరికి మళ్లీ తోటలో ఉన్నాడు.

పోయిన వానాకాలం, ఒక ఆదివారం. చర్చి నుంచి రాగానే చొక్కా మార్చుకుని బయల్దేరాడు. కాయలకి లారీ వస్తోందని తోట ఆసామి కబురుపెట్టారట. సన్నగా తుంపర పడుతోంది. పుస్తకం తెరిచాను, మూశాను, అన్నం ముందు కూర్చుని లేచాను. ఇక ఉండబట్టలేక తోటకి పరుగెత్తాను.

చెట్టుమీదున్న మనిషిని కిందనుంచి పిలవకూడదు. దింపువాళ్లలో ఇది గట్టి పట్టింపు. మా అమ్మ అన్నం తెచ్చినా క్యారేజీ కింద పెట్టి, ఆయన దిగేదాకా నోరు మెదపకుండా నిలబడేది. నాకు నడక రాకముందే నేర్పిన సంగతది. కానీ తడిసిన మాను మీద ఆయన పాదం జానెడు జారడం చూశాక నాకేదీ గుర్తులేదు.

"నాన్నా, దిగిపో" అని అరిచేశాను.

ఆయన కిందికి చూశాడు. బందం పట్టు తప్పింది. నిలువెత్తు జారి, మానుని రెండు చేతులా కావలించుకుని ఆగాడు. నెమ్మదిగా దిగాడు. గుండెలమీదా ముంజేతులమీదా చర్మం లేచిపోయింది.

తోట అవతల కాయలు పోగేస్తున్న దింపువాళ్లూ, ఆసామీ పరుగెత్తుకొచ్చారు. "కేక వినపడింది. పిలిచిందెవరు?" అన్నాడు వాళ్లలో పెద్దాయన, నాకేసి చూస్తూ.

"ఎవరూ పిలవలేదు. జారేప్పుడు నేనే కేకేసేను" అన్నాడు నాన్న. తర్వాత ఆసామి వైపు తిరిగాడు. "వయసైపోయిందండి. కాలు నిలబడట్లేదు. ఇంక ఎక్కనండి."

ఆ మాట నోటినుంచి వచ్చాక ఈ చుట్టుపక్కల ఏ ఆసామీ ఆయన్ని చెట్టెక్కనివ్వడు. అది ఆయనకి తెలుసు. కాళ్ల బందం విప్పి పెద్దాయన చేతిలో పెట్టాడు.

పిలిచింది నేనేనని అక్కడ ఒప్పుకుని ఉంటే, తప్పు ఆయన కాలిది కాదని తేలేది, ఆయన మర్నాడే మళ్లీ ఎక్కేవాడు. నేను ఒప్పుకోలేదు.