ఒక్క గిన్నె కోసం

పోయిన నెల మదనపల్లెలో మా బంధువుల పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళి జరిపించిన పాస్టరు చిన్న వయసువాడు, చక్కగా మాట్లాడాడు, కాదనను. భార్యాభర్తల ఐక్యతకు ఉదాహరణ కావాలనిపించిందేమో, ప్రసంగం మధ్యలో మా పల్లె సంగతి ఎత్తాడు. పుంగనూరు దగ్గర రెండు పల్లెల సంఘాల పెద్దలు ఆ రోజుల్లో ప్రేమతో ఒకరినొకరు కౌగిలించుకుని ఒక్కటైపోయారట. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకుని, "నాయనా, నేను ఆ చర్చిలోనే కూర్చుని ఉండాను. ఎవరూ ఎవర్నీ కౌగిలించుకోలేదు" అన్నాను. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, అంతా బాగుంది గదా" అని నవ్వి, పెరుగన్నంలోకి ఊరగాయ అడిగాడు.

నాకు ఒళ్ళెందుకు మండిందో చెబుతాను. మాది పుంగనూరు నుంచి రామసముద్రం వెళ్ళే దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన పల్లె. మధ్యలో వంక, అంటే చిన్న వాగు, అది దాటితే ఇంకో పల్లె. రెండూ పెద్ద ఊరికి దూరంగా విసిరేసినట్టుండే కూలీల పల్లెలే, రెండు చోట్లా ఏసయ్యనే నమ్ముకున్నారు. కానీ మా కులం వేరు, వాళ్ళ కులం వేరు. ఏది ఏదో చెప్పను. చెబితే వినేవాళ్ళు అసలు సంగతి వదిలేసి దాన్నే పట్టుకుంటారు. పెద్ద ఊరి రైతులకు మేమంతా ఒకటే. వంకకు అవతలివాళ్ళు మాత్రం మాకంటే ఒక మెట్టు పైనున్నామనుకునేవాళ్ళు. ఆ మెట్టు మీద నిలబడి వాళ్ళకు ఏం కనిపించేదో నాకు ఈనాటికీ తెలియదు.

మా చర్చి చాలా చిన్నది. రాతి కూసాలు స్తంభాల్లా నిలబెట్టి, వాటిమీద కప్పుగా బండలు పరిచి, మట్టిగోడలు లేపి కట్టుకున్నారు. ప్రసంగం సాగుతుంటే కోళ్ళు లోపలికి వచ్చి అయ్యగారి కాళ్ళ దగ్గర గింజలు వెతుక్కునేవి. దాన్ని కట్టించింది మా మేనత్త, నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి మాతోనే ఉండిపోయింది. సంకటి చేసే ముందు ప్రతి ఇంట్లో ఒక పిడికెడు రాగులు దేవుడి కుండలో వేయాలి. బియ్యం మాకు పండగకే గనక రాగులు. ఎవరైనా మరిచిపోతే మా అత్త గుమ్మంలో నిలబడి కుండ ఊపి చూసేది. ఆ రాగులు పుంగనూరు సంతలో అమ్మి, ఏళ్ళ తరబడి కూడబెట్టి ఆ బండలు తెప్పించింది. చాలా ఊళ్ళకు ఒక్కరే అయ్యగారు. నెలకోసారి సైకిల్ మీద వచ్చేవారు. వంక దగ్గరికి రాగానే ఆ సైకిల్ చైను ఊడకుండా ఉండేది కాదు. చేతులకు నల్ల జిడ్డుతో వస్తారని తెలిసి మా అత్త సీకాయపొడి, చెంబుతో నీళ్ళు సిద్ధంగా పెట్టేది. తరువాతే ప్రార్థన.

డెబ్బైల చివర్లో ఆ అయ్యగారు రిటైరయ్యారు. నేను అప్పుడు మదనపల్లెలో టీచరు ట్రైనింగు చదువుతూ శనివారాలు ఇంటికి వచ్చేదాన్ని. ఒక శనివారం మదనపల్లె నుంచి చర్చి పెద్దలు జీపులో దిగారు. ఇంత చిన్న సంఘాలకు వేరువేరుగా అయ్యగారిని పంపలేమనీ, ఇకమీదట రెండూ ఒకటే సంఘమనీ, వంకకు అవతల చర్చికి పెంకుల కప్పు, రోడ్డు ఉన్నాయి గనక ఆరాధన అక్కడేననీ చెప్పారు. మా మగవాళ్ళు తలలూపారు. ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. "మా చర్చి ఏం గావాల?" అని మా అత్తే వెనక నుంచి అడిగింది. "అదీ దేవుడిదేనమ్మా" అని ఒకాయన తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

మొదటి ఆదివారం తెల్లచీరలు కట్టుకుని వంక దాటాం. పాటతోనే తంటా మొదలైంది. పాట ఒకటే గానీ రాగాలు రెండు. వాళ్ళు హార్మోనియంతో చకచకా పాడేసి కూర్చున్నారు. మేము సాగదీసి పాడేవాళ్ళం, మాకు ఇంకా ఒక చరణం మిగిలే ఉంది. మా అత్త ఆపలేదు, చివరిదాకా పాడింది. నవ్వుకున్నాం కూడా. ఆ తరువాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. ముందు పరిచిన చాపలు వాళ్ళవి, వాకిలి దగ్గర వట్టినేల మాది. ప్రభువు బల్లలో రొట్టె పంచడం అయ్యాక, ఏసయ్య రక్తానికి గుర్తుగా ఇచ్చే ద్రాక్షారసం వచ్చింది. వాళ్ళకు వెండిపూత గిన్నె అందించారు. మా దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ సంఘపెద్ద ఇంటి నుంచి తెచ్చిన సత్తుగ్లాసులో పోసి పట్టుకొచ్చాడు. కొత్తగా వచ్చిన అయ్యగారు చూశాడు, చూసి తల దించుకున్నాడు.

మా అత్త లేచి నిలబడింది. "అయ్యా, ఏసయ్య రగతం రెండు రకాలుగా కారిందా?"

"గొడవ యాలమ్మా," అన్నాడు సంఘపెద్ద. "లోపలుండేది ఒకటే గదా."

"ఒకటే అయితే ఒకే గిన్నెలో పొయ్యప్పా."

ఆయన పోయలేదు. లేచి వెళ్ళిపోదామని నాన్న గొణిగాడు. "మనం పోతే వాళ్ళకు కావాల్సింది అదే. నేను యాడికీ పోను" అని మా అత్త మళ్ళీ కూర్చుంది. ఆ రోజు ఆమె తాగలేదు. మా ఆడవాళ్ళెవరూ తాగలేదు. ఏడాదికి పైగా అదే వరస. మా అత్త వచ్చేది, పాడేది, సత్తుగ్లాసు ముందుకొస్తే మొహం తిప్పుకునేది. మగవాళ్ళు కొందరు మెల్లగా ఆ గ్లాసుకే అలవాటుపడ్డారు, నాన్నతో సహా. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. అయ్యగారు నెలనెలా వినయం మీద ప్రసంగించేవాడు, అదీ మా అత్త వైపే చూస్తూ. వినయం నిజంగా ఎవరికి తక్కువైందో ఆ ముందు చాపల వైపు ఆయన కళ్ళు పోయేవి కావు. ఇంట్లో మాత్రం ఆమె రాత్రిళ్ళు మోకరించి ఏడ్చేది. ప్రభువు బల్లకు దూరమవడం ఆమెకు చిన్న సంగతి కాదు.

మరుసటి ఏడు ఈస్టరు రోజు జరిగింది ఆ పెళ్ళి పాస్టరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. సంఘపెద్ద తల్లి ముసలామె, చూపు సరిగా ఆనదు, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. గిన్నె తన దగ్గరికి రాగానే చేత్తో అడ్డుకుంది.

"ఆ వాకిలికాడ కూసున్నామెకు ఇదే ఇచ్చినారా?"

"ఆమెకు వేరే ఉండాది, నువ్వు తాగుమా," అన్నాడు కొడుకు.

"వయసులో ఇద్దరం ఒకే రైతు సేన్లో శెనక్కాయలు పెరికినాం. దప్పికని పోతే ఆ రైతుపెండ్లాం ఇద్దరికీ ఎత్తునుంచి దోసిట్లోకే పోసింది నీళ్ళు. ఆడ లేని ఎచ్చుతక్కువ దేవుడికాడ యాడిదిరా?"

గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ వెనక్కి వచ్చి మా అత్త పక్కన నేలమీద కూలబడింది. "ఇంగ తీసకరా అయ్యా. ముందు ఆమెకియ్యి" అంది. అయ్యగారు ఎవరో ఒకరు చెబుతారని ఏడాదిగా కాచుకున్నవాడిలా గిన్నె తీసుకుని పరుగున వచ్చాడు. మా అత్త తాగింది, ఆమె తరువాత ముసలామె తాగింది. ముందు చాపల నుంచి కొన్ని కుటుంబాలు లేచి బయటికి నడిచాయి. సంఘపెద్ద సత్తుగ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. జరిగింది ఇదీ. ఇందులో కౌగిలింతలు ఎక్కడున్నాయి?

వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చారు, కొందరు రాలేదు. గిన్నె మాత్రం ఒకటే అయింది. తరువాత మా పాత చర్చి బండలు పీకి అవతలి చర్చికి ప్రహరీ కట్టారు. మా అత్త అడ్డం పడినా ఎవరూ వినలేదు. ఎనభైల మధ్యలో నేను కుప్పంలో టీచరుగా ఉండగా ఆమె పోయిందని కబురొచ్చింది. బస్సులు మారి పల్లెకు చేరేసరికి వంక అవతలి ఆడవాళ్ళు శవానికి స్నానం చేయించి తల దువ్వుతున్నారు. సంఘపెద్ద వచ్చి కాసేపు వాకిట్లో నిలబడి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన ఫొటో ఆ చర్చి గోడమీద పూలదండతో ఉంది, ఐక్యత తెచ్చిన పెద్దమనిషని. ఆ ఇద్దరు ఆడవాళ్ళకు ఫొటోలే లేవు. నలభై ఏళ్ళు గడిస్తే చాలు, కొట్లాడి గెలుచుకున్నది కూడా ఎవరో దయతలచి ఇచ్చినట్టే కనిపిస్తుంది.