డెనీస్ గొంతు

“ఆగు, మళ్ళీ మొదట్నించి పెట్టవే పోలీన్,” అంది డెనీస్, తలకు రంగు పట్టించుకుని సెలూన్ కుర్చీలో కూర్చుని. ఇంగ్లండులోని హల్ పట్నంలో బడిపిల్లలకు భోజనం వడ్డించే ఈ డెనీస్, ఎనభైల్లో టిన్ స్వాలోస్ బ్యాండుకు గాయని. కనుబొమలు కప్పే ఆనాటి జుట్టు కత్తిరింపు ఇంకా మానలేదు. తన పాట వినబడితే చాలు, కెమెరా ఎక్కడుందో వెతుకుతున్నట్టు గడ్డం పైకి లేస్తుంది.

ఆ రంగు వేస్తున్న పోలీన్ మొన్న సముద్రతీరంలో ఆ బ్యాండు కచేరీ చూసి, ఫోనులో వీడియో తీసుకొచ్చింది. పాడుతున్నది ఎవరో కొత్త పిల్ల.

“అచ్చం నీలాగే పాడుతోంది కదే!”

“నాలాగేమిటి, నేనే! మా పాత రికార్డు పెట్టి ఆ పిల్ల చేత పెదాలు కదిపిస్తున్నారు. రెండో చరణం ముందు ఆ ముక్కు ఎగబీల్పు విను. రికార్డింగు రోజు నాకు జలుబు. టీవీలో మేమూ ఉత్తినే పెదాలు కదిపేవాళ్ళం, కానీ నా గొంతుకు నా పెదాలే. బ్యాండు విడిపోయిననాడు కీబోర్డు వాయించే క్లైవ్ మా అమ్మ వంటింట్లో టీ తాగుతూ ఒట్టేశాడు, నువ్వు లేకుండా బ్యాండు పేరు ముట్టనని.”

రంగు చెంపమీదికి కారింది. డెనీస్ కదల్లేదు, పోలీనే తుడిచింది.

“శనివారం మళ్ళీ వెళ్తావుగా? నా గొంతు తీసెయ్యమని క్లైవ్‌తో చెప్పు. ఆ పిల్లకీ ఒక గొంతుంటుంది, పాపం. దాన్నయినా పాడనివ్వమను.”