డ్రిల్లు మాస్టారి జబ్బులు

ఇంట్లో ఉన్నంతసేపూ డ్రిల్లు మాస్టారంతటి ఆరోగ్యవంతులు ఇంకొకరు లేరు. ఆసుపత్రి గుమ్మం దాటితే చాలు, ఆయనంతటి రోగిష్టి మనిషి ఇంకొకరు లేరు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క బస్సు ప్రయాణం. ఆ కాస్త దూరంలో అంత మనిషికి ఏమవుతుందో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు, ముఖ్యంగా ఆయన కోడలికి.

ముందు ఆయన ఆరోగ్యం సంగతి చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయనే చెప్తారు. బడిలో పిల్లల చేత వ్యాయామం చేయించి చేయించి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా వెన్ను వంచరు. లిఫ్టు ఎక్కితే తన కాళ్ళు అలుగుతాయంటారు. మాత్ర చేదుగా ఉంటుందో తియ్యగా ఉంటుందో తనకు తెలియదని, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదని బస్సులో పక్క సీటు వాళ్ళను పట్టుకుని చెప్తారు. ఇంట్లో ఎవరైనా తుమ్మితే పొద్దున్నే లేవకపోవడమే దానికి కారణం. ఒకసారి కొడుకు తలనొప్పని పడుకుంటే మంచం పక్కన కుర్చీ వేసుకుని, తలనొప్పి అంటే ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పమని నిజంగానే అడిగారు. కొడుకు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

ఆయన మనవరాలికి అయిదేళ్ళు. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే ఊపిరి అందక, మెదడులో కదలికలను నడిపించే చోట దెబ్బ తగిలింది. సెరిబ్రల్ పాల్సీ అన్నారు డాక్టర్లు. కాళ్ళు రెండూ కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుంటాయి. కుడిచేతి గుప్పిట విప్పించాలంటే బతిమాలుకోవాలి. మాట వస్తుంది, కానీ ఎదుటివాళ్ళకు ఓపిక ఉంటేనే వస్తుంది. తెలివికి మాత్రం లోటు లేదు. ఇంట్లో ఎవరు ఏ మాట మింగినా పట్టేసి వాళ్ళ వంక అదోలా చూస్తుంది. తన సర్వీసంతా కలిపి తనను హడలెత్తించింది ఒక్క హెడ్మిస్ట్రెస్సేనని, మళ్ళీ ఇన్నాళ్ళకు ఈ పిల్లేనని చెప్పి మాస్టారు ఆమెకు ‘పెద్ద మేడం’ అని పేరు పెట్టారు. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది.

పెద్ద మేడం కోసం ఆసుపత్రికి తిరగడం ఆ ఇంట్లో నీళ్ళు పట్టుకోవడం లాంటి పని. ఒకరోజు కాళ్ళు సాగదీసే ఫిజియోథెరపీ, ఒకరోజు మాటలు నేర్పే టీచరు. మధ్యమధ్యలో మెదడు డాక్టరు, కళ్ళ డాక్టరు, పాదాలు వంకరపోకుండా తొడిగే ప్లాస్టిక్ బూట్ల కొలతలు. వీటన్నిటికీ పైన ఎముకల డాక్టరు. ఏడాది తిరిగేలోపు కాళ్ళు కాస్త వదులైతే నడకబండి పట్టించి నిలబెట్టవచ్చని, కాకపోతే ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుందని ఆయన తేల్చి చెప్పారు. ఆ మాట విన్నప్పటినుంచీ కోడలికి నిద్రలో కూడా పిల్ల కాళ్ళే కనిపించేవి.

కొడుకుది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ కాబట్టి కోడలూ మావగారూ వెళ్ళేవాళ్ళు. సంచీ, నీళ్ళసీసా, రిపోర్టులు కోడలివి. పిల్లను ఎత్తుకోవడం మాస్టారిది. ఆ ఉద్యోగంలో ఇంకెవరూ వేలు పెట్టడానికి వీల్లేదని మొదటి రోజే గట్టిగా చెప్పేశారు.

మొదట్లో రెండు మూడుసార్లు ఆయన ఆసుపత్రిలో కూడా ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ తర్వాత ఒకరోజు, ఎదురుచూసే గదిలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ పిల్లను ఎగాదిగా చూసి, ఏమైందమ్మా, కాళ్ళు అలా ఉన్నాయేమిటని అడిగింది. కోడలు సంచీ కింద పెట్టి చెప్పబోతుండగా పక్కనుంచి పెద్ద మూలుగు వినిపించింది.

"పాపకేం కాలేదమ్మా. రోగిని నేను," అన్నారు మాస్టారు. "మోకాళ్ళు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను."

కోడలు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అరగంట కిందట ఆయన లిఫ్టు వద్దని పిల్లను ఎత్తుకుని మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. కానీ పక్కనావిడ అప్పటికే కుర్చీ ఆయన వైపు తిప్పేసుకుని, తన మరిది మోకాళ్ళ కథ మొదలుపెట్టింది. మాస్టారు క్లాసులో మొదటి బెంచీ పిల్లాడిలా విన్నారు, మధ్యలో సందేహాలు కూడా అడిగారు. లోపలికి పిలిచినప్పుడు కుంటుకుంటూ లేచి, తలుపు మూసుకున్న తర్వాత నిటారుగా నిలబడ్డారు. ఆయన భుజం మీద పెద్ద మేడం కిలకిలా నవ్వింది.

ఇక అక్కడినుంచి ఆయనకు జబ్బు లేని రోజు లేదు. కళ్ళ డాక్టరు దగ్గర ఉబ్బసం. మాటల టీచరు దగ్గర కిడ్నీలో రాళ్ళు. పోయినసారి ఉబ్బసమన్నారు కదండీ అని ఒకాయన జ్ఞాపకం పెట్టుకుని అడిగితే, అది తగ్గాకే ఇది పట్టుకుందండీ అని కనురెప్ప కొట్టకుండా చెప్పారు. జబ్బుల్లో పొరపాటు రాకూడదని సాయంత్రాలు వీధి చివర మందుల షాపుకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. పిత్తాశయంలో రాయి ఉంటే ఏ పక్క పట్టుకోవాలని అడిగారట. పోయినవారం ఎడమ పక్క పట్టుకున్నానే అని చాలా బాధపడ్డారట. ఈ సంగతి షాపతను కోడలితో చెప్పి, మీ మావగారు బాగానే ఉన్నారా అమ్మా అని అడిగాడు.

ఒక్కసారి మాత్రం చిక్కుల్లో పడ్డారు. గుండెల్లో మంటని ఎవరితోనో చెప్తుండగా అటుగా వెళ్తున్న నర్సు విని, వద్దంటున్నా వినకుండా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోయింది. ఒంటి నిండా వైర్లు అంటించి చూసిన డాక్టరు, ఈ వయసులో ఇలాంటి గుండె తాను చూడలేదన్నాడు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. అంతలోనే బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళు గుర్తొచ్చి, మూరెడు ముఖం వేసుకుని గదిలోంచి వచ్చారు. బస్సు ఎక్కాక మాత్రం డాక్టరన్న మాట కండక్టరుతో సహా అందరికీ చెప్పారు. ఆ తర్వాత గుండె జోలికి వెళ్ళలేదు.

కోడలు నవ్వగలిగినన్నాళ్ళు నవ్వింది. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది. పిల్ల పుట్టకముందు మాస్టారన్న మాట ఒకటి ఆమె మనసులో ఎప్పటినుంచో ముల్లులా ఉంది. పరుగు పందెంలో మొదటి బహుమతి ఇక మనింటికే వస్తుందని ఊరంతా చెప్పుకుని తిరిగారాయన. అలాంటి మనిషికి నిలబడలేని మనవరాలు. ఎవరైనా పిల్ల సంగతి అడిగితే ఎందుకు మాట తప్పిస్తున్నారో ఊహించుకోవడం పెద్ద కష్టం కాదు.

ఆ అనుమానం ఒకరోజు రూఢి అయిపోయింది. ఫిజియోథెరపీ గది ముందు కూర్చున్నారు. కోటు వేసుకున్న నడివయసు మనిషొకడు ఆగి చూసి, దగ్గరికి వచ్చి మాస్టారికి నమస్కారం పెట్టాడు. పాత విద్యార్థి. గ్రౌండు చుట్టూ మాస్టారు పరిగెత్తించిన రోజులు తలుచుకుని మురిసిపోయాడు. తర్వాత ఆయన ఒళ్ళో ఉన్న పిల్ల మీద చూపు పడి, ఎవరు మాస్టారూ, పాపకేమైందని అడిగాడు.

"మనవరాలు. నాకు తోడొచ్చింది," అన్నారు మాస్టారు. "నాదే పని అయిపోయిందిరా. నాలుగడుగులు వేస్తే ఆయాసం."

ఆ విద్యార్థి నివ్వెరపోయాడు. వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తలు చెప్పి వెళ్ళాడు. కోడలికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆమె బస్టాపు దాకా ఓర్చుకుంది. అక్కడ ఇక ఆగలేక అడిగేసింది.

"పిల్లను చూస్తే మీకు సిగ్గా, మావయ్యగారూ?"

మాస్టారు ఆమె వైపు చూశారు. ఏదో అనబోయి ఆగారు. భుజం మీద పిల్లను సర్దుకుని రోడ్డు వైపు తిరిగారు. జవాబు లేకపోవడమే జవాబనుకుంది కోడలు. ఈసారినుంచి పిల్లను తానొక్కతే తీసుకెళ్తానని చెప్పింది. నీ ఇష్టం తల్లీ అన్నారాయన.

అన్నట్టే తర్వాతి వారం ఒక్కతే బయల్దేరింది. సంచీ ఒక భుజాన, పిల్ల ఒక భుజాన. అయిదేళ్ళ పిల్ల ఇంత బరువుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కుర్చీ ఖాళీ లేక గోడకు ఆనుకుని నిలబడింది. పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ అడగాల్సిందే అడిగింది. ఈసారి మూలిగేవాళ్ళెవరూ లేరు. కోడలు తలెత్తి, ఏమీ దాచకుండా చెప్పసాగింది. పుట్టినప్పుడు ఏమైందో, మెదడులో ఎక్కడ దెబ్బ తగిలిందో, డాక్టర్లు ఏమన్నారో.

చెప్తుండగానే నడుం దగ్గర ఏదో నొక్కినట్టయింది. పిల్ల మోకాళ్ళు. మెత్తగా వేలాడుతున్న కాళ్ళు ఆమె నడుం చుట్టూ పట్టకారులా బిగుస్తున్నాయి. మెడ వెనకాల చిన్న గుప్పిట జుట్టుతో సహా ముడుచుకుంది. ఆమె ఒక్కొక్క మాట చెప్తున్న కొద్దీ ఆ ఒళ్ళు ఇంకా ఇంకా కొయ్యబారిపోయింది. పెద్దావిడకు ఇవేవీ తెలియవు. అయితే ఇక నడవదా, పాపం, ఇంకొకర్ని కనకపోయావా అని జాలిపడింది.

లోపల ఫిజియోథెరపిస్టు పిల్ల కాళ్ళు పట్టుకుని కాసేపు ప్రయత్నించి వదిలేసింది. ఇన్ని వారాల్లో ఇంత బిగుతుగా ఎప్పుడూ లేవని, పిల్ల దేనికైనా బెదిరిందా అని అడిగింది. ఈ పిల్లలకు మనసు బిగుసుకుంటే కండరాలు బిగుస్తాయని డాక్టరు మొదటి ఏడాదే చెప్పారు. మనసు బిగుసుకోవడమంటే కుక్క అరుపుకో, సూదిమందుకో అనుకుంది కోడలు. తన మాటకని అనుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్ద మేడం చాలాసేపు కూడబలుక్కుని అడిగింది.

"అమ్మా... నేను... నడవనా?"

తల్లి పిల్లను గుండెకు హత్తుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి, పిల్లను నిద్రపుచ్చి, తలుపు దగ్గరగా వేసి వసారాలోకి వచ్చింది. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. వారం నుంచీ ఒక్క జబ్బూ లేక మనిషి చిక్కినట్టున్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదు మావయ్యగారూ?"

ఏ సంగతి అని ఆయన అడగలేదు. "ఏమని చెప్పను తల్లీ? నువ్వేం అబద్ధం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి తల్లికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ఆపమని ఏ మొహంతో అనను? మొదటిసారి నువ్వు చెప్తుంటే నా మెడ చుట్టూ దాని చెయ్యి బిగిసింది. రెండోసారీ అంతే. నా మోకాళ్ళ గురించి మాట్లాడినంతసేపూ హాయిగా వాలి పడుకుంది. పోతే పోనీ వెధవ మోకాళ్ళు అనుకున్నాను."

"బస్టాపులో అడిగినప్పుడైనా చెప్పొచ్చుగా."

"అప్పుడూ అది నా భుజం మీదే ఉంది కదమ్మా."

కోడలు తలుపుకు ఆనుకుని ఏడ్చింది. సిగ్గా అని తాను అడిగిన మాట ఎవరి చెవిలో పడిందో అప్పటికి తెలిసింది. మాస్టారు మెల్లగా చెప్పారు. దాచమని కాదని, డాక్టర్లకు చెప్పాలని, రేపు బళ్ళో టీచరుకు చెప్పాలని, దారిన పోయేవాళ్ళకు చెప్పాలో వద్దో మాటలు వచ్చాక పెద్ద మేడమే చూసుకుంటుందని అన్నారు. అంతవరకూ జనానికి ఏదో ఒక జబ్బు కావాలి కాబట్టి తనవి వాడుకోమన్నారు.

"కానీ మీ శిష్యుడి ముందు అంత మాట అనాల్సింది కాదు," అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ.

"వాడా? వాడిని ఎండలో ఎన్ని చుట్లు పరిగెత్తించానో లెక్కలేదు. నాకు ఆయాసమని తెలిసి లోలోపల ఎంత సంతోషించాడో నువ్వు చూడలేదు."

ఆమె ఏడుపులోనే నవ్వింది. ఎల్లుండి మాటల టీచరు దగ్గరికి వెళ్ళాలని, ఏ జబ్బనుకుంటున్నారని అడిగింది. చెవుడు ఎలా ఉంటుందన్నారాయన. చెవుడు వద్దని, అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం కుదరదని కోడలు సలహా ఇచ్చింది. ఇద్దరూ ఆలోచించి నడుంనొప్పి ఖాయం చేశారు.

నెలలు గడిచి ఎముకల డాక్టరు చూసే రోజు వచ్చింది. ఆయన పిల్ల కాళ్ళు వంచి, చాచి, విడదీసి చూసి, ఆపరేషన్ మాట ఇప్పట్లో వద్దని, నడకబండికి కొలతలు ఇవ్వమని చెప్పారు. అది ఆ ఇంటికి పండగే. కానీ ఇప్పటికీ వాళ్ళు చెప్పుకుని చెప్పుకుని నవ్వుకునేది అది కాదు, లోపలికి పిలవకముందు జరిగింది.

ఎదురుగా ఒక ముసలాయన కూర్చున్నాడు. అలవాటు ప్రకారం పాపకేమైందని అడిగాడు. మాస్టారు నడుం మీద చెయ్యి వేసి మూలుగు అందుకున్నారు. మా మావగారికండీ, ఎప్పుడూ ఏదో ఒకటి అని కోడలు శ్రుతి కలిపింది. ముసలాయన ఊరుకోకుండా ముందుకు వంగి, ఈసారి పెద్ద మేడాన్నే అడిగాడు.

"తాతయ్యకు తోడొచ్చావా అమ్మా?"

కోడలు జవాబు చెప్పబోయింది. మాస్టారు ఆమె చెయ్యి నొక్కి ఆపారు. పిల్ల పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ముసలాయనకు ఓపిక ఉంది. అందరూ ఆగారు.

"నేనే... తీసుకొచ్చా," అంది పెద్ద మేడం.

"మంచి పని చేశావు. ఏమిటి మీ తాతయ్యకి జబ్బు?"

పెద్ద మేడం తాతయ్యను తల నుంచి పాదాల దాకా ఒకసారి పరీక్షగా చూసింది. ఆయన ఒళ్ళో ఆమె కాళ్ళు వదులుగా వేలాడుతున్నాయి. బాగా ఆలోచించింది.

"అన్నీ," అంది.

ముసలాయన జాలిగా మాస్టారి వైపు చూశాడు. అవునండీ అని మాస్టారు తల వంచి ఒప్పుకున్నారు.