కళ్ళు మూసుకుని పోట్లాడుకున్న రోజులు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా తలుపులు ధడాలున వెయ్యడం, గిన్నెలు విసిరికొట్టడం లాంటి అనాగరికపు పనులు ఉండేవి కావు. ప్రార్థన చేసేవాళ్ళం. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా అత్తాకోడళ్ళు ఒకే సోఫాలో కూర్చుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కనిపిస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది గానీ అందులో పస ఏముంది చెప్పండి? మా అత్తగారూ నేనూ పోట్లాడుకున్నామంటే సాక్షాత్తూ దేవుడు దిగివచ్చి మధ్యలో కూర్చోవలసిందే. లోకంలో యుద్ధాలు, కరువులు ఎన్నో ఉండగా, పాపం ఆయనకి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌లో మా ముందుగది తప్ప వేరే పనేమీ లేనట్టు, రోజూ సాయంత్రం మేమిద్దరం చెరొక చెవీ పట్టుకుని లాగేవాళ్ళం.

నేను భీమవరం దగ్గర పిల్లని. బి.ఎస్సీ., బి.ఎడ్. చదివి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చాను. మా ఆయన లోకో షెడ్‌లో ఫిట్టరు. మామగారు కూడా అదే షెడ్‌లో పనిచేసి, మా పెళ్ళికి ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు (అత్తగారి నోటికి దడిసి కాస్త ముందుగా వెళ్ళారని మా ఆయన ఒకసారి అన్నారు. ఈ మాట ఎక్కడా అననని ఆయనకి ఒట్టు వేశాను). అత్తగారిది శ్రీకాకుళం వైపు. సగం జీవితం బిలాస్‌పూర్‌లో గడిచినా ఆవిడ తెలుగుకి ఇక్కడి ఎండ తగల్లేదు, మధ్యమధ్య 'అచ్ఛా' అని ఒకటి వచ్చి చేరిందంతే. మా పాపకి అప్పటికి ఇంకా మాటలు పూర్తిగా రాలేదు గానీ 'ఆమెన్' మాత్రం స్పష్టంగా వచ్చేది.

మా కుటుంబ ప్రార్థనకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత వరసగా అందరి ప్రార్థన. చిన్నవాళ్ళతో మొదలై పెద్దవాళ్ళతో ముగియాలి. అంటే ముందు నేను, తర్వాత మా ఆయన, ఆఖరున అత్తగారు. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు కళ్ళు తెరవకూడదు, నోరు అసలే తెరవకూడదు. ఏం అడగదలుచుకున్నా ముందు కృతజ్ఞత చెప్పాకే అడగాలి. ఎవరు పెట్టారో గానీ ఎంత గొప్ప ఏర్పాటో చూడండి. ఎదుటివాళ్ళు మారు మాట్లాడకుండా కళ్ళు మూసుకుని మన తిట్లు వినాలి, పైగా చివర్లో 'ఆమెన్' కూడా చెప్పాలి! కాకపోతే ఆఖరి వంతు ఎప్పుడూ అత్తగారిదే కాబట్టి ఆఖరి మాటా ఆవిడదే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను తినేసిన అన్యాయం అదే.

అసలు గొడవ నా ఉద్యోగం దగ్గర వచ్చింది. నది అవతల సర్కండాలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడికి లెక్కల టీచరు కావాలని మా వెనక క్వార్టర్ ఆవిడ చెబితే వెళ్ళి ఒక క్లాసు చెప్పి వచ్చాను. హెడ్ మిస్ట్రెస్‌కి నచ్చింది. వచ్చే సోమవారం పొద్దున వస్తే ఉద్యోగం నాదేననీ, రాకపోతే ఇంకొకరిని చూసుకుంటాననీ అంది. జీతం పైకి చెప్పుకునేటంత లేదు. అయినా ఆ ఉద్యోగం నాకు కావాలి. పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, నాదంటూ ఒక చోటికి వెళ్ళాలి. ఫలానా ఫిట్టరు భార్యగా కాకుండా ఇంకో పేరుతో నన్ను ఎవరైనా పిలవాలి. దానికి అత్తగారు, పాలు తాగే పిల్లని వదిలి, కోడలు ఆటో ఎక్కి, నది దాటి వెళ్ళడం ఏటని ఒకటే పట్టు పట్టారు (పాప పాలు మానేసి చాలా కాలమైంది, ఆవిడ పెట్టిన చేపల పులుసు జుర్రుకుంటోంది). మా ఆయన్ని అడిగితే 'ప్రార్థించి చూద్దాం' అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం, నన్ను ఇందులోకి లాగకండి అని.

అంతే, అత్తగారూ నేనూ మాటలు మానేశాం. పగలంతా ఏం కావాలన్నా పాపకి చెబుతున్నట్టు ఒకరికొకరం వినిపించుకోవడమే. సాయంత్రం ఏడయ్యేసరికి మాత్రం ఇద్దరికీ నోళ్ళు తెరుచుకునేవి. మొదటి రోజే నేను గొంతు సవరించుకుని, ప్రేమగల తండ్రీ, ఈ దినమంతయు ఈ నాలుగు గోడల మధ్య నన్ను భద్రపరచినందుకు నీకు స్తోత్రము అని మొదలుపెట్టి, చదువుకున్న ఆడపిల్లల చేత అంట్లు తోమించి తృప్తిపడువారిని కూడా నీ దయతో క్షమించుమని ముగించాను. అత్తగారు తన వంతు వచ్చేదాకా ఆగి, నింపాదిగా, పసిపిల్లల్ని వదిలేసి ఊళ్ళమ్మట తిరుగుదామనుకునే తల్లులకి మంచి బుద్ధి ఇమ్మని వేడుకున్నారు. ఆ పైన, ఈవేళ ఉప్పులేని పప్పు నోరెత్తకుండా తినే ఓర్పు తనకిచ్చినందుకు దేవుడికి మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పారు. మా ఆయన నా ప్రార్థనకి ఎంత గట్టిగా ఆమెన్ అన్నారో వాళ్ళమ్మ ప్రార్థనకీ అంతే గట్టిగా అన్నారు. త్రాసులో పెట్టి తూచినా చిటికెడు తేడా రాదు.

ఇలా వారమంతా సాగింది. అన్నం చల్లారినందుకు స్తోత్రం, కుళాయి కట్టెయ్యడం మరిచిపోయినవారి కొరకు స్తోత్రం, గురకపెట్టి నిద్రపోయేవారి ఆరోగ్యం కొరకు స్తోత్రం. ఆ వారంలో దేవుడికి ముట్టినంత కృతజ్ఞత మా ఇంటి నుంచి మళ్ళీ ఎప్పుడూ ముట్టలేదు. ఒకరోజు అత్తగారు నా గురించి మంచి జోరుమీద ఉండి ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. ఆ సందులో మా పాప 'ఆమెన్' అని గట్టిగా అరిచింది. ఆమెన్ పడ్డాక ఇక చేసేదేముంది? అందరం లేచిపోయాం. నేనే నేర్పానని ఆవిడ అనుమానం. నేను నేర్పలేదు (పాపకి ఆ పూట ఒక బిస్కెట్ ఎక్కువ పెట్టిన మాట మాత్రం నిజం).

శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక వచ్చింది. మా కాలనీ తెలుగు చర్చి పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆయన వస్తే ఆఖరి వంతు ఆయనది, అత్తగారిది కాదు. ఇంకేం, నా పంట పండిందనుకున్నాను. గేటు దగ్గరే కాపు కాసి, నా ఉద్యోగం సంగతి చెప్పి, ఆ తలుపు తెరుచుకునేలా ప్రార్థించమన్నాను. ఆయన తప్పకుండా అమ్మా అన్నారు. లోపలికి వెళ్ళి చూద్దును కదా, వంటింట్లో చేపల పులుసు కుతకుత ఉడుకుతోంది, ముందే ఒక క్యారియర్ కడిగి పక్కన పెట్టి ఉంది. అత్తగారు పొద్దున్నే చర్చి దగ్గరికి వెళ్ళి అయ్యగారిని కలిసి వచ్చారని అప్పుడు తెలిసింది. అయ్యగారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, తెరవవలసిన తలుపులు తెరువుము, మూయవలసిన తలుపులు మూయుము, అత్తకు అత్త మనస్సు, కోడలికి కోడలి మనస్సు దయచేయుము అని ప్రార్థించారు. నేనూ అత్తగారూ ఎవరికి వాళ్ళం గెలిచామనుకుని పోటీపడి ఆమెన్ అన్నాం. ఆయన పులుసు క్యారియర్ పట్టుకుని చల్లగా వెళ్ళిపోయారు.

ఆదివారం సాయంత్రం వచ్చింది. తెల్లవారితే సోమవారం. ఇక ఇదే ఆఖరి అవకాశమని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మధ్యాహ్నమంతా ప్రార్థన తయారు చేసుకున్నాను. దెప్పులన్నీ వరసగా పేర్చి, మాటలన్నీ గ్రాంథికంలో పెట్టాను. అత్తగారు విని తలెత్తుకోలేరనుకున్నాను. తీరా నా వంతు వచ్చి 'కృపగల దేవా, ఈ దినమున...' అని మొదలుపెట్టానో లేదో, కృతజ్ఞత చెప్పడానికి ఒక్కటీ తోచలేదు. కట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ప్రభువా, నాకు ఇక్కడ ఎవరూ లేరు. ఆయన డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా గోడలతో మాట్లాడుతున్నాను. బజారుకి వెళ్తే హిందీలో ధర అడగడానికి కూడా భయమేస్తోంది. మొన్న ఆ క్లాసులో సుద్దముక్క పట్టుకున్నప్పుడు నేను మళ్ళీ నేనే అనిపించింది. అంతే. ఆమెన్."

చెప్పేశాక సిగ్గుతో చచ్చిపోయాను. శత్రువు ముందు కత్తి కింద పడేసి కూర్చున్నట్టయింది. మా ఆయన తన వంతులో కంగారు పడి, రోజూ చేసే ప్రార్థన మరిచిపోయి, భోజనం ముందు చేసే ప్రార్థన చేసేశారు. ఎదురుగా ఆహారం లేకపోయినా దాన్ని ఆశీర్వదించమన్నారు. పాప కూడా ఆమెన్ అనలేదు. ఇక అత్తగారి వంతు. ఆవిడ ఎంతకీ మొదలుపెట్టలేదు. యార్డులో గూడ్సు బండి పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఉండబట్టలేక, కట్టుబాటు తప్పి, ఒక కన్ను కొంచెం తెరిచాను. అటుపక్క మా అత్తగారు కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు! ఇద్దరం ఒక్కసారే కళ్ళు గట్టిగా మూసేసుకున్నాం.

"తండ్రీ," అన్నారు ఆవిడ చివరికి. "ఈ ఊరొచ్చిన కొత్తల నాకూ ఎవులూ నేరు. నానూ గోడలతోటే మాటాడీదాన్ని. అది నీకు తెలుసు, మరెవులికీ సెప్పనేదు. అచ్ఛా. ఈ పిల్లకి ఇంత నోరిచ్చినావు. ఆ నోరంతా నా ఒక్కదాని మీద ఎందుకు తండ్రీ? బళ్ళో పిల్లలందరికీ తలా కొంచెం పంచు. పగలైనా నా సెవులకి ఇశ్రాంతి. మనవరాలు నా కాడ ఉంటాది. పప్పులో ఉప్పు నానే ఏసుకుంటాను. ఆమెన్."

మా ఆయన ఆ రోజు త్రాసు సంగతి మరిచిపోయి అన్న ఆమెన్‌కి వెనక క్వార్టర్ ఆవిడ కిటికీ తీసి ఏమైందని అడిగింది. అత్తగారు మాత్రం ఏమీ జరగనట్టు లేచి కంచాలు పెట్టారు. నేను కృతజ్ఞత చెబుదామని వంటింట్లోకి వెళ్తే, దారికి అడ్డం లెమ్మని చంకలో పాపకి చెబుతున్నట్టు నాకు వినిపించారు.

మర్నాడు పాపని చంకనేసుకుని నాతో పాటు ఆటో దాకా వచ్చారు. ఇది నా కోడలు, నెమ్మదిగా తీసుకెళ్ళు, వంతెన మీద వేషాలు వెయ్యకు అని ఆటోవాడికి తన హిందీలో నాలుగు తగిలించారు. వాడు బుద్ధిగా తల ఊపాడు. నేను ఎక్కి కూర్చున్నాక ఆవిడ కాసేపు అటూ ఇటూ చూసి, వంగి, నా మొహంలోకి చూడకుండా అన్నారు: "సాయంత్రం పెందలాడే వచ్చీ. పిల్ల కోసం కాదు. నాకు తోచదు."

అంతకుముందు పప్పు గురించీ పాప జ్వరం గురించీ నాతో ఎన్నోసార్లు మాట్లాడి ఉంటారు. కానీ తన గురించి, మధ్యలో దేవుణ్ణి కూర్చోబెట్టకుండా, మా అత్తగారు నాతో నేరుగా చెప్పిన మొదటి మాట అది. కాబోయే లెక్కల టీచరు, అర్పా నది వంతెన మీద జుట్టంతా రేగిపోయి, ఇస్త్రీ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, 'స్తోత్రం, స్తోత్రం' అని గొణుక్కుంటూ వెళ్ళిన ఆ వైభవం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెర్రిపిల్ల మీద కాస్త ముద్దు కూడా వస్తుంది. ఎవరినీ దెప్పకుండా నేను చెప్పిన కృతజ్ఞత చాలాకాలానికి అదేననుకుంటాను. ఆమెన్ అనడానికి పక్కన ఎవరూ లేరు. ఆటోవాడు హారన్ కొట్టాడు, దాంతో సరిపెట్టుకున్నాను.